పురుగుతో పోరు - మందులేని సస్యరక్షణ చరిత్ర

వ్యవసాయము ఎంత ప్రాచీనమో, పైరును ఆశించు పురుగుతో మానవుడు సలుపు పోరాటమును అంత ప్రాచీనము. విత్తిన గింజ మొలకెత్తిన దినము మొదలు పంట గాదెకు చేరువరకును, చేరిన పిదపను కృషీవలునకు ఈ బెడద తప్పదు. ఆకును తినునది యొకటి, కాండమును తొలుచునది యొకటి, రసమును పీల్చునది యొకటి, నిలువచేసిన గింజను పిండిచేయునది మరియొకటి. రాజులు చేసిన యుద్ధములు గ్రంథములకెక్కినంతగా ఈ యుద్ధము గ్రంథములకెక్కలేదు. కాని రాజ్యములు మారినను మారకపోయినను పల్లెలోని ప్రతి కుటుంబము యొక్క కూడును గుడ్డయు ఈ యుద్ధముపైననే ఆధారపడి యున్నవి. ఇందు మానవుడు ఏయే ఆయుధములు పట్టెనో, వానిలో ఏవి అతనికి మేలు చేసెనో, ఏవి తిరిగి అతనిపైననే పడెనో తెలిసికొనుట పొలము దున్ను ప్రతివారికిని అవసరము.

మన పెద్దలకు పురుగుమందు తెలియదు, పురుగు తెలియును. వేసవి దుక్కి చేసినచో నేలలో దాగిన కోశస్థ పురుగులు పైకి వచ్చి ఎండకు మాడునని, కొంగలకును కాకులకును ఆహారమగునని వారెరుగుదురు. ఒకే పైరును ఒకే చేనిలో ఏటేట వేయక మార్చి వేయుట, జొన్నలో కందిని కలిపి విత్తుట, కందులకు ఎర్రమట్టి పట్టించి ఎండబెట్టుట, గాదెలో వేపాకు పరచుట - ఇవన్నియు ఇంటింట నుండిన ఆచారములే. సంస్కృతమున సురపాలుడు రచించిన వృక్షాయుర్వేదములో చెట్లకు వచ్చు తెగుళ్లును, వానికి చేయదగిన చికిత్సలును చెప్పబడియున్నవి. ఇట్లని పూర్వులు సర్వజ్ఞులని చెప్పుట సరికాదు. మిడుతల దండు వాలిన నాడు వారును నిస్సహాయులై చూచుచుండిరి. కొన్ని యేండ్లు పంట పురుగుపాలై పల్లెలు పస్తులుండెను. పూర్వపద్ధతులలో సత్తువ యున్నది, కొరతయు ఉన్నది. ఆ రెంటిని వేరుచేసి చూపుటయే చరిత్ర చేయదగిన పని.

పురుగును పురుగుచేతనే అణచవచ్చునను ఊహ మానవునకు చాల కాలము క్రిందటనే కలిగినది. క్రీ.శ. 304 నాటిదని చెప్పబడు ఒక చీనా గ్రంథములో దక్షిణదేశపు నారింజ తోటలను గూర్చి ఒక విచిత్రమైన సంగతి కలదు. ఆకులను పట్టువంటి దారములతో కుట్టి గూళ్లు కట్టుకొను ఒక జాతి ఎర్రచీమలను అచ్చటి ప్రజలు గూళ్లతోకూడ సంతలో అమ్ముచుండిరట. తోట యజమానులు వానిని కొని చెట్లకు తగిలించెడివారు. ఆ చీమలు లేని తోటలో పండ్లు పురుగుపట్టి పాడగునని ఆ గ్రంథము చెప్పుచున్నది. ఒక చెట్టునుండి మరియొక చెట్టునకు చీమలు నడచిపోవుటకై వెదురు బద్దలను వంతెనలుగా కట్టుటయు అచ్చటి రైతులు నేర్చిరి. జీవిని జీవితో అదుపుచేసిన ఉదాహరణములలో వ్రాతకెక్కిన మిక్కిలి ప్రాచీనమైనది ఇదియేనని శాస్త్రజ్ఞులు పరిగణింతురు.

ఆధునిక శాస్త్రము ఈ విద్యను చేపట్టినది 19వ శతాబ్దమున. అమెరికాలోని కాలిఫోర్నియాలో నారింజ, నిమ్మ తోటలకు ఆస్ట్రేలియానుండి వచ్చిన యొక పొలుసు పురుగు పట్టెను. కొమ్మలన్నియు దూది అంటించినట్లు తెల్లబారి చెట్లు ఎండిపోవుచుండెను. తోటలు కొట్టివేసి వలసపోవుటకు రైతులు సిద్ధపడిరి. ఆ పురుగు జన్మస్థానమైన ఆస్ట్రేలియాలో అది అంతటి హాని చేయుటలేదు గనుక, అచ్చట దానిని తిను శత్రువేదో యుండవలెనని చార్లెస్ రైలీ అను ప్రభుత్వ కీటకశాస్త్రజ్ఞుడు ఊహించెను. శాస్త్రజ్ఞులు విదేశములకు పోవుటకు అప్పటి అమెరికా చట్టసభ ద్రవ్యమీయదు. అందువలన ఆల్బర్ట్ కోబెల్ అను నాతనిని 1888లో మెల్బోర్న్ ప్రదర్శనమునకు పంపు మిషతో ఆస్ట్రేలియాకు పంపిరి. అతడు ఎర్రని వీపుపై నల్లని మచ్చలుగల అక్షింతల పురుగులను కనుగొని ఓడలో పంపెను. మొదట చేరినవి 129 మాత్రమే. వానిని ఒక చెట్టుపై గుడారము కప్పి విడిచిరి. అవి పెరిగి, తోటనుండి తోటకు వ్యాపించి, రెండు సంవత్సరములు నిండకముందే ఆ పొలుసు పురుగును అణచివేసెను. అదే పొలుసు పురుగు 1920ల చివర మన నీలగిరులలో కనబడినప్పుడు ఈ అక్షింతల పురుగునే తెప్పించి విడిచిరి. ఇచ్చటను అది తన పనిని నెరవేర్చెను.

మన దక్షిణదేశములో ఇంతకన్న ఆశ్చర్యకరమైన కథ యొకటి నడచినది. అది నాగజెముడు కథ. 1795లో ఈస్టిండియా కంపెనీవారికొరకు బ్రెజిల్ దేశమునుండి ఒక పురుగును బెంగాలుకు తెచ్చిరి. జెముడు మట్టలపై పెరుగు ఒక పురుగునుండి విలువైన ఎర్రరంగు తయారగును. ఆ వ్యాపారమునందు లాభము పొందవలెనని కంపెనీవారి కోరిక. తెచ్చినది కోరిన జాతి కాకపోయెను. రంగు సరిగా రాలేదు. కాని ఉత్తర, మధ్య భారతములలో పెరిగియున్న ఒక రకపు జెముడును అది తినివేసెను. మన ప్రాంతములలో దిబ్బలను, బీళ్లను ఆక్రమించిన నాగజెముడు వేరొక రకము. దానిని ఆ పురుగు ముట్టలేదు. 1926లో సింహళమునుండి మరియొక జాతి పురుగును తెచ్చి దక్షిణదేశమున విడిచిరి. కత్తికిని నిప్పునకును లొంగని ఆ ముండ్లపొదలు కొలది సంవత్సరములలోనే తెల్లని బూజు పట్టినట్లై కూలిపోయెను. మొదటిసారి పొరపాటున జరిగినది రెండవసారి జ్ఞానముతో జరిగినది.

అయితే ఈ విద్యలో తొందరపాటు ఎంత చేటు తెచ్చునో చూపు ఉదాహరణమును చరిత్రలో కలదు. చెరకును పాడుచేయు పెంకు పురుగులను తినునను ఆశతో 1935లో ఆస్ట్రేలియావారు హవాయి దీవులనుండి ఒక జాతి పెద్ద కప్పలను తెచ్చి విడిచిరి. ఆ కప్పలు చెరకు పురుగులను అదుపుచేయలేదు. దొరికిన ఇతర ప్రాణులనన్నిటిని తిని, తమ విషముచేత తమ్ము తినవచ్చిన జంతువులను చంపి, దేశమంతట వ్యాపించుచు నేటికిని ఆ దేశమునకు తలనొప్పిగానే యున్నవి. అక్షింతల పురుగు తినునది దాదాపు ఒకే పురుగును. కప్ప నోటికందినదెల్ల తినును. మిత్రుని ఎన్నుకొనుటలో ఈ భేదమును పరిశీలింపకపోవుటయే అచ్చటి తప్పిదము. ఆనాటినుండి పరదేశపు జీవిని తెచ్చుటకు ముందు అది మరి దేనిని తినునో సుదీర్ఘముగా పరీక్షించు నియమములు క్రమముగా ఏర్పడినవి.

ఇంతలో రసాయనముల యుగము వచ్చెను. డి.డి.టి. పురుగును చంపునని 1939లో స్విట్జర్లాండు దేశీయుడగు పాల్ ముల్లర్ కనుగొనెను. 1948లో ఆయనకు నోబెల్ బహుమానము లభించెను. యుద్ధకాలమున అది పేలవలన వ్యాపించు జ్వరమును, పిమ్మట మలేరియాను అణచి లక్షలాది ప్రాణములను నిలిపినమాట సత్యము. ఆ కీర్తితోనే అది పొలములోనికి అడుగుపెట్టెను. కాని పొలము వేరు, ఇల్లు వేరు. కాలిఫోర్నియా తోటలలో డి.డి.టి. చల్లగా అక్షింతల పురుగులు చచ్చినవి; అరువదేండ్ల క్రిందట అణగిన పొలుసు పురుగు తిరిగి తలయెత్తెను. మందు మానిపించి మరల అక్షింతల పురుగులను విడిచినగాని తోటలు కోలుకొనలేదు. 1959లో కాలిఫోర్నియా శాస్త్రజ్ఞులు నలుగురు ఒక ప్రసిద్ధ వ్యాసము ప్రకటించి, పురుగు కనబడినంతనే మందు చల్లరాదనియు, నష్టము ఖర్చును మించు స్థాయికి చేరినప్పుడే చర్యకు పూనుకొనవలెననియు, మిత్రకీటకములను కాపాడుట మొదటి ధర్మమనియు బోధించిరి. 1962లో రేచెల్ కార్సన్ వ్రాసిన గ్రంథము ఈ విషయమును సామాన్య పాఠకుల ముంగిటికి తెచ్చెను.

మందు చల్లినకొలది పురుగు పెరుగుట వింతగా తోచును. కాని దాని కారణము సులభగ్రాహ్యము. పొలములోని పురుగులన్నియు శత్రువులు కావు. సాలీళ్లు, తూనీగలు, అక్షింతల పురుగులు, అల్లిక రెక్కల పురుగులు, కంటికి కనీకనబడని కందిరీగ జాతులు - ఇవి పైరును తినవు, పైరును తిను వానిని తినును. ట్రైకోగ్రామా అను చిన్నకీటకము అర మిల్లీమీటరు ప్రమాణము గలది. అది పత్తి, వరి, చెరకులను పాడుచేయు రెక్కల పురుగుల గ్రుడ్లలో తన గ్రుడ్లు పెట్టును. ఆ గ్రుడ్డునుండి లద్దెపురుగు రాదు. వారము పది దినములలో మరియొక ట్రైకోగ్రామా వచ్చును. మందు చల్లినప్పుడు ఆకు మడతలలో, కాండములో, కాయలో దాగిన శత్రువు కొంత తప్పించుకొనును. ఆకులపై తిరుగాడు మిత్రుడు ముందుగా చచ్చును. బ్రతికిన శత్రువు సంతానము త్వరగా పెరుగును. దానిని తిని బ్రతుకవలసిన మిత్రుడు ఆ తరువాతగాని పెరుగడు. అంతేగాక మందుకు చావక మిగిలిన పురుగుల సంతతికి ఆ మందును తట్టుకొను శక్తి వచ్చును. అప్పుడు రైతు మందు మార్చును, మోతాదు పెంచును, రెండు మందులు కలుపును. ఖర్చు పెరుగును, పురుగు తగ్గదు.

ఈ సత్యమును ఒక దేశము మొత్తముగా గ్రహించిన సందర్భము ఇండోనేషియాలో జరిగినది. అచ్చట 1970లలో వరిపైరునకు సుడిదోమ పట్టి లక్షల ఎకరములు మాడిపోయెను. ప్రభుత్వము మందులను చౌకగా ఇచ్చినకొలది దోమ విజృంభించెను. మందులు దోమను తిను సాలీళ్లను, నల్లులను చంపుచున్నవని శాస్త్రజ్ఞులు నిరూపించిరి. 1986లో ఆ దేశాధ్యక్షుడు వరిపై 57 రకముల మందుల వాడకమును నిషేధించెను. అటుపిమ్మట మందులకిచ్చు రాయితీయు తొలగింపబడెను. మందు తగ్గినందున పంట తగ్గలేదు. 1989నుండి అచ్చట రైతులకు పొలముగట్టుననే బడులు నెలకొల్పిరి. రైతులు వారమునకొకసారి చేరి, మొక్కలను పరిశీలించి, శత్రువులెన్ని మిత్రులెన్ని అని లెక్కించి, చూచినదానిని కాగితముపై బొమ్మగీసి చర్చించి, ఏమి చేయవలెనో తామే నిర్ణయించుకొనుట ఆ బడుల పద్ధతి. మన ఆంధ్రప్రదేశ్‌లో ఇట్టి బడులకు పొలంబడి యను చక్కని పేరు వచ్చినది.

తెలుగునాట ఈ పాఠము మిక్కిలి బాధాకరముగా నేర్వవలసి వచ్చెను. గుంటూరు, ప్రకాశం జిల్లాల నల్లరేగడి నేలలలో పత్తి విస్తరించి, మందుల వాడకము పెరిగిన కాలమున, 1980ల నడుమ తెల్లదోమ విజృంభించెను. 1987-88లో శనగపచ్చ పురుగు వచ్చెను. ఎన్నిమారులు చల్లినను అది చావలేదు. అప్పుచేసి మందు కొన్న రైతుకు పంట దక్కలేదు, అప్పుమాత్రము మిగిలెను. పలువురు రైతులు ప్రాణములు తీసికొనిరి. 1997-98లో వరంగల్లు ప్రాంతమున పొగాకు లద్దెపురుగు పత్తిని పాడుచేసినపుడు ఆ విషాదమే మరింత పెద్దదిగా పునరావృత్తమయ్యెను. పురుగును చంపలేకపోయిన మందునే త్రాగి అనేక రైతులు మరణించిరి. గత శతాబ్ది చరిత్రలో తెలుగు పల్లె మరువరాని ఘట్టము అది. అంతకంటె మెల్లగా, ఎవరును లెక్కింపకుండ జరుగు నష్టము మరియొకటి కలదు: మందు చల్లు కూలీలు కండ్లు తిరిగి గట్టున పడిపోవుట, కలుపుతీయు స్త్రీలకు ఒళ్లు మంటలెత్తుట, మందు డబ్బాలు కడిగిన నీరు చెరువులలో కలియుట.

చీకటి నడుమనే దారియు కనబడెను. తెలంగాణపు మెట్టచేలలో ఆముదమునకును, వేరుసెనగకును ఎర్రగొంగళి పురుగు పాత శత్రువు. దాని జీవితమును స్వచ్ఛంద సంస్థలవారును, శాస్త్రజ్ఞులును 1980ల చివరనుండి రైతులతో కలసి పరిశీలించిరి. తొలకరి వాన గట్టిగా పడిన పిమ్మట నేలలోని కోశములనుండి రెక్కల పురుగులు రాత్రివేళ పైకి వచ్చును. అవి వెలుగునకు ఆకర్షింపబడును. ఒక్కొక్క ఆడ పురుగు వందలకొలది గ్రుడ్లు పెట్టును. కావున వాన పడిన తరువాతి రాత్రులలో చేలగట్లపై మంటలు వేసినచో గ్రుడ్లు పెట్టకముందే అవి మంటలలో పడి నశించును. మిగిలినవి గొంగళ్లై ప్రాకునపుడు చేనిచుట్టు చాలు తీసియు, జిల్లేడు కొమ్మలు పరచి వానిపై చేరినవానిని ఏరియు నాశనము చేయవచ్చును. ఇందు పైసా మందు లేదు. అయితే ఒక నియమము కలదు. ఒక్క రైతు మంట వేసినచో ప్రక్క చేల పురుగులును అతని చేనికే వచ్చును. ఊరంతయు ఒకే రాత్రి మంటలు వేయవలెను. రసాయనమును ఒక్కడే కొని ఒక్కడే చల్లుకొనవచ్చును. ఈ విద్యకు మాత్రము ఊరి ఐకమత్యమే మూలధనము.

ఈ ఐకమత్యమునకు నిదర్శనముగా నిలిచిన గ్రామము పునుకుల. ఇది నాటి ఖమ్మం జిల్లాలో, నేటి భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలో, పాల్వంచ మండలమునకు చెందిన పల్లె. పత్తితోపాటు అచ్చటికి మందులును, మందులతోపాటు అప్పులును వచ్చినవి. 1999 ప్రాంతమున ఒక స్వచ్ఛంద సంస్థ అచ్చట మందులేని సస్యరక్షణను గూర్చి చెప్పగా మొదట కొద్దిమంది రైతులే ముందుకు వచ్చిరి. ఇరుగుపొరుగువారు నవ్విరి. కాని పంట చేతికి వచ్చి ఖర్చు లెక్క చూచుకొనునప్పటికి నవ్వు ఆగెను. మహిళాసంఘముల స్త్రీలు ఈ ఉద్యమమును తమదిగా చేసికొనిరి. ఇంటి అప్పు బరువును, మందువలన వచ్చు రోగమును ఎక్కువగా మోయువారు తామే గదా! వేపగింజలు ఏరి, ఎండబెట్టి, పొడిచేయుట కొందరికి జీవనోపాధియు అయ్యెను. 2003 నాటికి గ్రామమంతయు మందు మానెను. మందుల వ్యాపారులు తమ ఊరికి రావలదని పంచాయతి చెప్పెను. వరంగల్లు ప్రాంతమున, నేటి జనగామ జిల్లాలోని ఏనబావి గ్రామస్థులు ఇంకొక అడుగు ముందుకు వేసి, రసాయనపు ఎరువులనుకూడ మాని, 2006లో తమ ఊరిని సంపూర్ణ సేంద్రియ గ్రామముగా ప్రకటించుకొనిరి. 2005 ప్రాంతమునుండి ఈ పద్ధతులు మహిళాసంఘముల ద్వారా నాటి ఉమ్మడి రాష్ట్రములోని అనేక గ్రామములకు వ్యాపించెను. 2016 నుండి ఆంధ్రప్రదేశ్‌లో ప్రకృతి వ్యవసాయమను పేర ప్రభుత్వమే ఈ కార్యమును చేపట్టెను.

ఆ గ్రామములవారు వాడిన సాధనములు అరుదైనవి కావు. పత్తిచేని చుట్టును నాలుగు వరుసల జొన్న వేసినచో రసము పీల్చు పురుగుల రాకకు అడ్డగును, మిత్రకీటకములకు నెలవగును. నడుమ నడుమ ఆముదపు మొక్కలు వేసినచో పొగాకు లద్దెపురుగు తల్లి అచ్చటనే గ్రుడ్లు పెట్టును. ఆ ఆకు త్రుంచి వేసినచో చాలును. బంతిమొక్క శనగపచ్చ పురుగును తనవైపు లాగును. ఆడ పురుగు వాసనతో మగ పురుగులను పిలుచు లింగాకర్షక బుట్టలు, తెల్లదోమను పట్టు పసుపు జిగురు అట్టలు, పక్షులు వాలుటకు పాతిన కొమ్మలు - ఇవన్నియు ఆ కోవలోనివే. వానితోపాటు వేపగింజల కషాయము. 5 కిలోల వేప పప్పును దంచి, పొడిని గుడ్డలో మూటకట్టి రాత్రియంతయు నీటిలో నానవేసి, పిండి వడగట్టి, 100 లీటర్ల నీరగునట్లు కలిపి, ఎండ తగ్గిన సాయంకాలమున చల్లుదురు. వేపలోని సారము ఎండకు త్వరగా చెడును గనుక ఈ వేళ నియమము. అది పురుగును తక్షణము చంపదు. దాని ఆకలిని చెరచి, ఎదుగుదలను ఆపును.

వేప గుణమును శాస్త్రలోకము నిరూపించినదియు మిడుతల మూలముననే. 1959లో సూడాను దేశమున మిడుతలు సమస్తమును తిని వేపచెట్లను మాత్రము విడిచిపెట్టుటను జర్మను శాస్త్రజ్ఞుడు ష్ముట్టరర్ గమనించెను. 1962లో ఢిల్లీపై మిడుతల దండు వాలినపుడు వేపపప్పు కలిపిన నీటిని చల్లిన పైరును అవి ముట్టలేదని భారత వ్యవసాయ పరిశోధన సంస్థకు చెందిన ప్రధాన్, ఆయన సహచరులు చూపిరి. ఇట్టి వేపనూనెతో తెగుళ్లను అణచు పద్ధతి తమ నూతన కల్పనయని అమెరికా వ్యవసాయ శాఖయు, అచ్చటి ఒక కంపెనీయు 1994లో ఐరోపాలో హక్కుపత్రము పొందెను. ఇది తరతరములుగా భారతదేశమునందున్నదేనని ఋజువు చూపి పోరాడగా, 2000లో ఆ హక్కు రద్దయ్యెను. వారి అప్పీలును 2005లో కొట్టివేయబడెను.

ఇవన్నియు విని మందులేని సస్యరక్షణము సర్వరోగ నివారిణియని తలపరాదు. దీనికి ఓర్పు కావలెను; వారమునకొకసారియైనను చేనిలో తిరిగి ఆకు త్రిప్పి చూచు కన్ను కావలెను. పురుగు ముదిరిన పిమ్మట కషాయము పనిచేయదు. ఒక్క సాధనముపైననే ఆధారపడుట ఎట్టిదైనను అపాయమే. 2002లో వచ్చిన బీటీ పత్తి మొదట కాయతొలుచు పురుగులను బాగుగా అణచెను. కాని ఏటేట అంతట అదే వేయగా గులాబిరంగు పురుగు దానినికూడ తట్టుకొన నేర్చెను. మరియొకవైపు, కొత్త శత్రువు వచ్చినపుడు శాస్త్రము చేయూతయు కావలెను. 2008లో కోయంబత్తూరు ప్రాంతమున బొప్పాయికి పరదేశపు పిండినల్లి పట్టి మల్బరీ మొదలగు ఇతర పైరులకును వ్యాపింపగా, 2010లో ప్యూర్టోరికోనుండి దాని సహజశత్రువులగు చిన్న కందిరీగలను పరీక్షించి తెచ్చి విడిచిరి. అవి దానిని కొలది కాలములోనే అదుపునకు తెచ్చెను. పల్లెటూరి అనుభవమును, శాస్త్రజ్ఞుని పరిశోధనయు చేయి కలిపినప్పుడే ఈ విద్య ఫలించును.

చీనా నారింజ తోటనుండి పునుకుల పత్తిచేనివరకు సాగిన ఈ చరిత్రలో గెలిచినవారందరు మొదట చేసిన పని ఒక్కటే: పురుగును చంపుటకు పూర్వము దానిని తెలిసికొనిరి. అది ఎచ్చట పుట్టును, ఎప్పుడు గ్రుడ్లు పెట్టును, దేనిని తినును, దానినెవరు తిందురు అని విచారించిరి. ఓడినవారు విచారింపక డబ్బామూత తీసిరి. ఇట్టి తెలివి అంగడిలో డబ్బాలలో దొరకునది కాదు. చేనిలో చూచి, నలుగురిలో చెప్పుకొని, వ్రాసిపెట్టి, తరువాతి తరమునకు అందింపవలసినది. గ్రంథాలయమునకు పల్లెలో గల ప్రయోజనమును ఇదియే. ఒక రైతు అనుభవము అతనితోనే అంతరించును. పుస్తకమున చేరినచో ఊరి ఆస్తి యగును. తొలకరి వాన పడిన రాత్రి ఊరంతయు కలసి వేయు మంటకు ముందుగా, గ్రంథాలయపు దీపము క్రింద నలుగురు కూర్చుండి చదువుకొనిన పుటయే ఆ మంటకు నిప్పురవ్వ కాగలదు.